మా ఇంటి పార్శ్వపు నొప్పి

మా నాన్న ఆటోనగర్‌లో ఒక షెడ్డులో క్రేన్ నడిపేవాడు. పైకప్పు కింద, ఈ గోడ నుంచి ఆ గోడకి పట్టాల మీద కదిలే క్రేన్ అది. దానికి వేలాడే చిన్న కేబిన్‌లో కూర్చుని, కింద వెల్డర్లు చేతులూపి చూపించిన చోటికల్లా ఇనుప ప్లేట్లు ఎత్తి దించడం ఆయన పని. చిన్నప్పుడు ఎవరైనా "మీ నాన్న ఎక్కడుంటాడమ్మా?" అని అడిగితే "పైన ఉంటాడు" అని చెప్పేదాన్నట. అది విని ఒకావిడ, అయ్యో పాపం అని నన్ను దగ్గరికి తీసుకుని కళ్ళొత్తుకుందని అమ్మ నవ్వుతూ చెప్పేది.

నాకు పదకొండేళ్ళు. తొంభైల మధ్యలో సంగతి. ఒంటిపూట బడులు కావడంతో మధ్యాహ్నానికే గాజువాకలో మా ఇంటికి వచ్చేశాను. అమ్మ అన్నం పెడుతోంది. గుమ్మం ముందు ఆటో ఆగింది. నాన్నతో పనిచేసే వెల్డరు ఒకాయన దిగాడు. నాన్నని బావా అని పిలిచేవాడు గానీ మాకు చుట్టమేమీ కాదు. ఆయన ముందు దిగి, లోపలికి చేతులు చాచి నాన్నని దింపాడు.

"అక్కా, కంగారు పడకు. బావకి సెయ్యి లాగీసింది. నర్సింగ్ హోముకి తీసుకెల్తన్నాం. నువ్వూ రా."

నాన్న నిలబడ్డాడు గానీ కుడి చెయ్యి ఆయనది కానట్టు వేలాడుతోంది. మూతి ఒక పక్కకి జారినట్టుంది. నన్ను చూసి ఏదో అన్నాడు. మంచినీళ్ళు అనబోయాడని తర్వాత తెలిసింది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఏ భాషా కాదు. నేను ఏడవలేదు. కంచం ముందు లేచి నిలబడి, ఎంగిలి చేయి అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

ఏం జరిగిందో ఆ వెల్డరు ఆటోలో అమ్మకి చెప్పాడు. గొలుసులకి ప్లేటు వేలాడుతూ ఉందట. నాన్న ఉన్నట్టుండి గంట కొట్టి కింద అందర్నీ పక్కకి జరగమన్నాడట. ప్లేటు నెమ్మదిగా నేలకి దించాడట, ఎడమ చేత్తో. ఆ తర్వాతే కేబిన్‌లో వెనక్కి వాలిపోయాడు. ఇద్దరు మనుషులు నిచ్చెన ఎక్కి ఆయన్ని నడుముకి తాడు కట్టి దించారు.

"ఆ సెయ్యి సచ్చిపోతన్నా లోడు దించీసే దాకా వొదల్లేదక్కా. మా మీద పడనివ్వలేదు," అన్నాడాయన. అమ్మ ఆ మాట మాకు చాలాసార్లు చెప్పింది.

సాయంత్రానికి చెయ్యి మళ్ళీ కదిలింది. మాట కూడా వచ్చింది. ఆ వెనకే తలనొప్పి మొదలైంది. ఎడమ కణత మీద ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుందని, వెలుతురు పడితే వాంతి వస్తోందని, రెండు రోజులు దుప్పటి ముసుగులోంచి బయటికి రాలేదు. నర్సింగ్ హోములో డ్యూటీ డాక్టరు చూసి, బీపీ చూసి, ఇది చిన్న పక్షవాతం, ఈసారికి తప్పింది, ఇంకోసారి వస్తే చెప్పలేం అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. చూసిన ఎవరైనా అదే అనుకుంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి కుడివైపు పడిపోయి వచ్చాడు మరి.

నాన్న మళ్ళీ క్రేన్ ఎక్కలేదు. షెడ్డు యజమాని ఎక్కనివ్వలేదు. మంచివాడే. పని తీసెయ్యకుండా కింద స్టోర్లో కూర్చోబెట్టాడు. వెల్డింగ్ రాడ్లు, బోల్టులు, చేతి తొడుగులు అడిగినవాళ్ళకి ఇచ్చి పుస్తకంలో రాసుకోవడం. అయితే షెడ్డులో కొందరు, పైన కూర్చుని తాగాడు, అందుకే అలా పడ్డాడు అనుకున్నారు. నాన్న కల్లు కూడా ముట్టేవాడు కాదు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఎవరితోనూ పోట్లాడలేదు. మాట్లాడటం తగ్గించాడు, అంతే.

ఇంట్లో కొత్త పద్ధతులు వచ్చాయి. నాన్నకి కోపం తెప్పించకూడదు. గట్టిగా అరవకూడదు. కూరల్లో ఉప్పు సగానికి పడిపోయింది, ఆవకాయ జాడీ అటకెక్కింది. నాకు కోపమొస్తే పెరట్లోకి వెళ్ళి, బట్టలుతికే బండ మీద కూర్చుని గొణుక్కోవాలి. నాన్న పొద్దున్నే లేవగానే మంచం మీద కూర్చుని, కుడి బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళూ ఒక్కొక్కటే తాకి చూసుకునేవాడు. నాలుగూ తగిలాక లేచి మొహం కడుక్కునేవాడు. నేను నిద్రపోతున్నట్టు నటిస్తూ అది చూసేదాన్ని.

అమ్మకి ఆయన పనులు నేర్పడం మొదలుపెట్టాడు. ఫ్యూజు వెయ్యడం, గ్యాసు బండ మార్చడం, కరెంటాఫీసుకి ఒక్కతే వెళ్ళి రావడం. చివరికి సైకిలు కూడా. ముప్ఫై దాటిన అమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని సైకిలు తొక్కుతుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. నాన్నకి అమ్మంటే ఎంత గౌరవమో అనుకుని నేను గర్వపడ్డాను. తాను లేనప్పటి కోసం నేర్పుతున్నాడని నాకు తట్టలేదు. అమ్మకి మాత్రం తెలుసట.

భీమిలిలో మా నాయనమ్మ ఉండేది. తాతకి అక్కడ బస్టాండు దగ్గర సైకిలు షాపు. తాత పోయాక ఆవిడ మా మేనత్త దగ్గరే, అదే వీధిలో ఉండేది. నెలకో రెండు నెలలకో నాయనమ్మకి నొప్పి వచ్చేది. పార్శ్వపు నొప్పి అనేవారు. తలకి తడిగుడ్డ బిగించి కట్టుకుని, ధాన్యం బస్తాలుండే చీకటి గదిలో పడుకునేది. ఆ రోజు మేం ఎవరం ఆ గది ముందు చెప్పుల చప్పుడు చెయ్యకూడదు. మర్నాడు లేచి ఏమీ జరగనట్టు చేపల కూర వండేది. నాయనమ్మది నొప్పి, నాన్నది పక్షవాతం. ఈ రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచన మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు. అన్నిటికంటే నాకు రాకపోవడమే వింత. ఇంటర్లో మెండెల్ బఠానీ మొక్కలు చదివాను. పొడుగు, పొట్టి, గళ్ళు గీసి ఎవరి నుంచి ఎవరికి ఏం వస్తుందో చక్కగా నింపి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అది బఠానీల సంగతి అనుకున్నాను.

నాకు ఇరవయ్యేళ్ళు వచ్చాయి. బీఎస్సీ చివరి ఏడాది. ఒకరోజు ప్రాక్టికల్స్ ఉన్నాయని పొద్దున్న ఏమీ తినకుండా వెళ్ళాను. మధ్యాహ్నం మద్దిలపాలెంలో గాజువాక బస్సెక్కాను. కిటికీలోంచి ఎండ మొహం మీద కొడుతోంది. బయట షాపుల బోర్డులు చదువుకుంటూ కూర్చోవడం నాకు అలవాటు. ఒక బోర్డులో మధ్య అక్షరాలు లేవు. పెయింటు రాలిపోయిందేమో అనుకున్నాను. తర్వాతి బోర్డులోనూ లేవు. పక్క సీట్లో కూర్చున్నావిడ మొహం వైపు చూస్తే ముక్కు లేదు. లేనిచోట ఏదో మెరుస్తూ, వణుకుతూ, పెద్దదవుతోంది.

ఆ మెరుపు పక్కకి జరిగిపోయాక ఎడమ చేతి చిటికెన వేలు మొద్దుబారింది. అక్కణ్ణుంచి పక్క వేలు, మణికట్టు, మోచెయ్యి. చీమల బారు పైకి పాకినట్టు పాకింది. పెదవి దాకా వచ్చింది. చేతిలో పుస్తకాలు జారి కింద పడ్డాయి. వంగి తీద్దామంటే చెయ్యి నా మాట వినలేదు.

నాకు అర్థమైపోయింది. నాన్నకి వచ్చింది నాకూ వచ్చేసింది. ఇరవయ్యేళ్ళకే.

పక్కనున్నావిడ ఖాళీ చేపల గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా వైపు తిరిగి, "ఏటమ్మా, ఏటయింది? వొంట్లో బాగోలేదేటి?" అంది.

చెప్పబోయాను. నోట్లోంచి మాట కాకుండా మూలుగు వచ్చింది. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి గొంతు తగ్గించి, "కడుపుతో ఉన్నావేటి?" అంది.

అంత భయంలోనూ నాకు తల అడ్డంగా ఊపాలని తట్టింది. గట్టిగా ఊపాను. ఆవిడ కండక్టరుని కేకేసి, ఎన్ఏడీ జంక్షన్లో నన్ను రెక్క పట్టుకుని దింపింది. తన గంపనీ నా పుస్తకాలనీ ఒక చేత్తో, నన్ను ఇంకో చేత్తో పట్టుకుని ఒక షాపు నీడలో కూర్చోబెట్టింది. సోడా తాగించింది. ముప్పావుగంటకి చెయ్యి నాదైంది. మాట వచ్చింది. తర్వాత కుడి కణతలో నొప్పి దిగింది. ఆవిడ నన్ను ఇంకో బస్సు ఎక్కించేదాకా కదల్లేదు.

"ఇంట్లో సెప్పు తల్లీ. దాసుకోకు," అంది.

నేను దాచుకున్నాను. నాన్నకి తెలిస్తే ఆయన ఆ క్షణమే పడిపోతాడని నా భయం. ప్రాక్టికల్స్ వల్ల తలనొప్పి అని అమ్మకి చెప్పి దుప్పటి కప్పుకున్నాను. రెండు నెలలు ఎలా గడిపానో నాకే తెలియదు. పొద్దున్న లేవగానే నేనూ బొటనవేలితో మిగతా వేళ్ళు తాకి చూసుకునేదాన్ని.

రెండోసారి ఇంట్లోనే వచ్చింది. ఆదివారం. నాన్న అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను అద్దం ముందు జడ వేసుకుంటున్నాను. అద్దంలో నా నుదురు మాయమైంది. మెరుపు. కదలకుండా గోడ పట్టుకుని నిలబడ్డాను, ఎవరూ చూడకుండా గడిచిపోవాలని. దువ్వెన చేతిలోంచి జారింది. తియ్యలేదు. మళ్ళీ దువ్వుకోలేదు. నాన్న పేపరు దించి చూశాడు.

లేచి వచ్చి నా ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఎత్తి వదిలాడు. పడిపోయింది.

"కళ్ళ ముందు మెరిసిందా?" అని అడిగాడు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

తల ఊపాను.

"రంపం పళ్ళ లాగా? ముందు సిన్నగా వొచ్చి, పెద్దదైపోయి, పక్కకి ఎల్లిపోయిందా? ఆ తర్వాత సిటికెన వేలు మొద్దుబారిందా? అక్కణ్ణుంచి పైకి పాకిందా?"

నేను ఎవరికీ చెప్పని వరస అది. ఒక్క ముక్క తప్పు లేకుండా చెబుతున్నాడు.

"ఇప్పుడు మూతి దగ్గరికి వొత్తాది. మాట రాదు. భయపడకు. గంటలోపు వొచ్చీస్తాది," అంటూ నన్ను మంచం మీద పడుకోబెట్టి, కిటికీ మూశాడు. తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేశాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

మాట వచ్చాక బస్సులో జరిగింది కూడా చెప్పి, నేను అడిగాను. "నీకెలా తెలుసు నాన్నా, గంటలో వచ్చేస్తుందని? నీకు ఒకసారే కదా వచ్చింది?"

నాన్న నా నుదుటి మీద తడిగుడ్డ తీసి మళ్ళీ పిండాడు.

"ఏటి? మళ్ళీ వొచ్చిందా నీకు?" అంది అమ్మ.

"నాలుగో అయిదో సార్లు," అన్నాడు నాన్న, నేల చూస్తూ. "స్టోర్లోనే. ర్యాకుల ఎనకాల గోనె పరుసుకుని కూకుంటాను. సెయ్యి వొచ్చీదాక. మీకు సెప్పి ఏటి సెయ్యను? మీరు రోజూ సావాలి."

"నువ్వేటి సెప్పనేదు, ఇది ఏటి సెప్పనేదు. ఇద్దరూ దొంగలే," అంది అమ్మ. అని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. పదేళ్ళలో ఆవిడ గట్టిగా ఏడవడం అదే మొదటిసారి. ఎవరికీ కోపం తెప్పించకూడదన్న జాగ్రత్త ఆవిడ ఏడుపుని కూడా ఆపిందని అప్పుడు తెలిసింది.

మర్నాడే మహారాణిపేటలో ఒక నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. యాభై దాటినావిడ, తెల్లజుట్టు. నన్ను చూస్తారనుకుంటే నాన్నని కూడా కూర్చోమన్నారు. నా చేతులతో, కాళ్ళతో తోయించి, లాగించి, సుత్తితో మోకాళ్ళు కొట్టి, నా మెదడుకి స్కాన్ తీయించారు. అందులో ఏమీ లేదు. కణితి లేదు, రక్తం గడ్డకట్టలేదు. ఆ మాటకే అమ్మ చేతులు జోడించేసింది. డాక్టరమ్మ మాత్రం అక్కడ ఆగలేదు.

"మీ నాన్నగారు బయట కూర్చుంటారా కాసేపు?" అన్నారు. నాన్న వెళ్ళాక నాకు ఒక కాగితం, పెన్సిలు ఇచ్చారు. "నీకు కనబడే మెరుపు బొమ్మ గీసి చూపించు."

గీశాను. విల్లులా వంగిన గీత, దాని నిండా రంపం పళ్ళు, ఒకవైపు తెరిచి ఉంటుంది, లోపల ఖాళీ. ఆ కాగితం తీసి సొరుగులో పెట్టి నాన్నని పిలిచారు. ఆయన చేతా గీయించారు. గీసి పక్కన పెట్టాక నాది తీసి పక్కపక్కన ఉంచారు. నాన్న చెయ్యి లావు, గీత లావు. అంతే తేడా.

"ఇంకెవరికైనా తలనొప్పి ఉందా మీ ఇంట్లో?"

"మా అమ్మకి పార్శ్వపు నొప్పి ఉండీదండి," అన్నాడు నాన్న. "ఇది అది కాదు కదండి."

"ఆవిడ ఉన్నారా?"

"ఉన్నాదండి. భీమిలిలో."

"అయితే ఆవిడ చేత కూడా గీయించుకుని రండి. మీరు గీసినవి చూపించకండి. ఏమీ చెప్పకండి. అడగండి, అంతే." తర్వాత నాన్నకి కూడా ఎమ్మారై రాసి ఇచ్చారు.

ఆ ఆదివారం భీమిలి వెళ్ళాం. నాయనమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. నొప్పి వచ్చేముందు కళ్ళకి ఏమైనా కనబడేదా అని నేను అడిగాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. నన్నూ నాన్ననీ మార్చి మార్చి చూసింది.

"ఎవులు సెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు నాయనమ్మా. నువ్వే చెప్పు. గీసి చూపిస్తావా?"

పెన్సిలు పట్టుకోవడం ఆవిడకి రాదు. మేనత్త సుద్దముక్క తెచ్చి ఇచ్చింది. నాయనమ్మ గచ్చు మీద ముగ్గు వేసినట్టు వంగి గీసింది. ముందు చిన్న చుక్క. "ఇది సెనగ్గింజంత ఉంటాది మొదట్న." తర్వాత వంగిన గీత. తర్వాత దాని పొడుగునా పళ్ళు. "పెళ్ళి సీర జరీ అంచు లాగ ధగధగలాడతాది. మజ్జలో ఏటీ కానరాదు." ఒకవైపు గీత మూయకుండా వదిలేసింది.

నాన్న ఆ ముగ్గు పక్కన గచ్చు మీద చతికిలబడిపోయాడు.

"సెయ్యి కూడా మొద్దుబారీదా అమ్మా?"

"సచ్చిపోయీది. మాట పడిపోయీది. ఒకసారి బావి కాడ సేద జారిపోయి లోపల పడిపోయింది." ఆవిడ సుద్ద వేళ్ళు కొంగుకి తుడుచుకుంది. "మీ నాన్నకి సెప్పినాను కొత్తలో. గాలి సోకిందని సింహాచలం తీసుకెల్లి మొక్కించినాడు. తగ్గనేదు. ఆ తర్వాత ఎవులికీ సెప్పనేదు. సెప్తే పిల్లల్ని నా దగ్గర ఉండనివ్వరని. నొప్పి అంటే సాలు కదేటి, అందరికీ ఉంటాది నొప్పి."

ఆ ముగ్గుని నేను కాగితం మీదికి ఎక్కించుకున్నాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మూడు కాగితాలూ వరసగా పెట్టి, పక్కన ఇంకో కాగితం మీద మా ఇంటిని గీశారు. ఆడవాళ్ళకి సున్నాలు, మగవాళ్ళకి చదరాలు. నాయనమ్మ సున్నా నల్లగా నింపారు. కిందికి గీత గీసి నాన్న చదరం నింపారు. మేనత్త సున్నా ఖాళీగా వదిలేశారు. ఆవిడకి ఎప్పుడూ ఏమీ రాలేదు. నాన్న కింద నా సున్నా నింపారు. ఆ నల్లటి బొమ్మల వరస చూడగానే నాకు బఠానీలు గుర్తొచ్చి, సిగ్గేసింది.

"ఇది పార్శ్వపు నొప్పేనండి," అన్నారు ఆవిడ నాన్నతో. "అందులోనే అరుదైన రకం. కాసేపు ఒకవైపు పడిపోయినట్టు చేసి, మళ్ళీ మామూలైపోతుంది. మీ అమ్మగారిదీ, మీదీ, అమ్మాయిదీ ఒకటే."

"మరి పక్షవాతం?"

ఆవిడ నాన్న ఎమ్మారై ఫిల్ము దీపం పెట్టె మీద పెట్టారు. "పక్షవాతం వచ్చి వెళ్తే మెదడులో మచ్చ ఉంటుంది. చూడండి, ఎక్కడా లేదు. మీ బీపీ కూడా మామూలుగానే ఉంది."

"అంటే నాకు పక్షవాతం రాలేదా?"

"రాలేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ రాలేదండి."

నాన్న ఆ ఫిల్ము వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి భుజాలు కిందికి దిగాయి. ఆయన భుజాలు పదేళ్ళుగా చెవుల దాకా ఎక్కి ఉన్నాయని, అవి దిగాక గానీ నేను గమనించలేదు.

అసలు ఇదెందుకు వస్తుందని నేనడిగాను. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ అమ్మానాన్నల నుంచి వచ్చిన రాత ఉంటుందనీ, నరాల్లోకి లవణాలు వెళ్ళి రావడానికి చిన్న చిన్న తలుపులుంటాయనీ, ఆ తలుపులు ఎలా తయారవ్వాలో ఆ రాతే చెబుతుందనీ, మా ఇంట్లో ఆ రాతలో ఎక్కడో ఒక అక్షరం వేరుగా ఉండి ఉండాలనీ. "ఆ అక్షరాన్ని కనిపెట్టే పరీక్ష మన ఊళ్ళో లేదు. నాకు ఈ కాగితాలే పరీక్ష," అన్నారు. చాలా ఇళ్ళలో ఇంత తేటగా కనబడదట. మామూలు పార్శ్వపు నొప్పిలో ఒక్క అక్షరం కాదు, ఎన్నో చిన్న చిన్న తేడాలు కలిసి మనిషిని దానికి దగ్గర చేస్తాయట. "ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. వంశంలో వచ్చేది నొప్పి కాదు. నొప్పి వచ్చే గుణం. ఆకలి, నిద్రలేమి, ఎండ, అలసట, అవి దాన్ని నిద్రలేపుతాయి. వేళకి తింటే సగం తగ్గుతుంది." రోజూ వేసుకోవడానికి మాత్ర రాశారు. ఎప్పుడైనా కొత్త రకంగా వచ్చినా, చెయ్యి తొందరగా తిరిగి రాకపోయినా ఇది అదేలే అనుకుని ఇంట్లో కూర్చోవద్దని, వెంటనే రావాలని రెండుసార్లు చెప్పారు.

నాన్న లేవబోతూ, "మళ్ళీ క్రేన్ ఎక్కొచ్చాండి?" అన్నాడు.

"వద్దండి. పైన ఉండగా వస్తే? మీకే కాదు, కిందున్న వాళ్ళకీ."

నాన్న తల ఊపాడు. "నిజమేనండి," అన్నాడు. ఆయన మొహంలో బాధ లేదు. భయపడి దిగడం వేరు, తెలిసి దిగడం వేరు అని తర్వాతెప్పుడో అన్నాడు.

ఆ కాగితాలు తీసుకెళ్ళి షెడ్డు యజమానికి చూపించాడు. అందరి ముందూ ఆ మాట చెప్పమని అడిగాడు. ఆయన చెప్పాడు. తాగాడన్నవాళ్ళలో ఒకతను వచ్చి, తప్పయిపోయింది బావా అన్నాడట. కొన్నాళ్ళకి నాన్నని స్టోర్లోంచి తీసి, కింద నిలబడి కొత్త ఆపరేటర్లకి చేతి సైగలతో లోడు దించడం చెప్పే పనిలో పెట్టారు. ఈలా, చేతులూ, అదే పని. ఇంటికి వచ్చి ఆ సైగలు మాకు చేసి చూపించేవాడు.

నాయనమ్మకి చెప్పడమే కష్టమైంది. గాలి కాదు, శాపం కాదు, నరాల్లో ఒక తేడా, నీ నుంచి నాన్నకీ, నాన్న నుంచి నాకూ వచ్చిందని చెప్పాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. మొహం పాలిపోయింది.

"అయితే నానే ఇచ్చినానా ఈ రోగం? నా కొడుకుని కేబిన్లోంచి దింపీసింది నానేనా?"

నాన్న ఆవిడ పక్కన కూర్చుని, "నా పళ్ళు కూడా నువ్వే ఇచ్చినావమ్మా," అన్నాడు. "యాభై దగ్గర పడతన్నాది, ఒక్కటీ కదల్లేదు. నీ గొంతు ఇచ్చినావు. ఈ పొడుగు ఇచ్చినావు. అవన్నీ తీసుకున్నాను గదా, ఇదొక్కటీ ఒద్దంటే ఎలాగ?"

నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చివరికి, "నీ పొడుగు మీ నాన్నది రా," అంది. మేనత్త ఫక్కున నవ్వింది. నాయనమ్మకి కూడా మాత్రలు తెచ్చి పెట్టాం. ఆ తర్వాత చీకటి గదిలో పడుకోవాల్సిన రోజులు తగ్గాయి. పడుకున్నా, ఎందుకు పడుకుందో వీధిలో అందరికీ తనే చెప్పేది. డాక్టరమ్మ తన ముగ్గు దాచుకుందని కూడా చెప్పేది.

ఇంట్లో మార్పు నెమ్మదిగా వచ్చింది. కూరల్లో ఉప్పు ఒకేసారి పెరిగింది, అది వేరే సంగతి. కానీ గొంతులు పెరగడానికి టైము పట్టింది. ఆ వేసవిలో నేను చెప్పకుండా స్నేహితురాళ్ళతో సినిమాకి వెళ్ళి ఆలస్యంగా వచ్చాను. నాన్న గుమ్మంలో నిలబడి వీధంతా వినబడేలా తిట్టాడు. నేనూ ఊరుకోలేదు, తిరిగి అరిచాను. మధ్యలో ఇద్దరం ఒక్కసారే ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏమీ కాలేదు. నాన్న మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి విన్నది. ఆవిడ కళ్ళల్లో అంత సంతోషం నేను అప్పటిదాకా చూడలేదు.

నేను బీఈడీ చేసి ఒక స్కూల్లో చేరాను. నాకు ఇరవై నాలుగు దాటాక సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. పోర్టులో పనిచేసే కుర్రాడు, వాళ్ళమ్మా వచ్చారు. ముందు రోజు మా ఇంట్లో పెద్ద చర్చ.

"ఇది సెప్పకపోతే ఏటి? నెలకోసారి తలనొప్పి ఎవులికి లేదు?" అన్నాడు నాన్న.

"దాసితే ఏటయ్యిందో ఇద్దర్నీ సూసినాను కదా. సెప్పాల్సిందే," అంది అమ్మ.

చెప్పింది నేనే. టీ కప్పులు ఇచ్చాక, వాళ్ళెదురుగా కూర్చుని, మొత్తం చెప్పాను. చెయ్యి పడిపోవడం, మాట పోవడం, గంటలో తిరిగి రావడం. మా నాయనమ్మ నుంచి వచ్చిందనీ, రేపు నాకు పుట్టే పిల్లలకి సగానికి సగం అవకాశం ఉందనీ, రావచ్చు, రాకపోవచ్చనీ. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

కుర్రాడి తల్లి టీ పూర్తిగా తాగి కప్పు కింద పెట్టింది.

"మా ఇంట్లో సుగరమ్మా," అంది. "మా మామగారికి సుగరు, మా ఆయనకి సుగరు, పెద్దోడికి మొన్ననే వొచ్చింది. వీడికీ వొత్తాది, రాకుండా పోదు. దాసకుండా నానూ సెప్పీసినాను. మరి మీరేటంటారు?"

నాన్న కిటికీ వదిలి ఇటు తిరిగి గట్టిగా నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆ తర్వాత పెద్దవాళ్ళు ఎవరింట్లో ఏ రోగం ఎవరి వైపు నుంచి వచ్చిందో చెప్పుకోవడంలో పడిపోయారు.

మమ్మల్నిద్దర్నీ మాట్లాడుకోమని పెరట్లోకి పంపారు. అతను కాసేపు కొబ్బరి మట్టలు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అడిగాడు.

"అది వొచ్చినప్పుడు నానేటి సెయ్యాలి?"

అప్పటిదాకా నన్ను ఎందుకొచ్చిందని అడిగినవాళ్ళున్నారు, తగ్గుతుందా అని అడిగినవాళ్ళున్నారు. ఇలా అడిగినవాళ్ళు లేరు. నేను ఆలోచించుకుని చెప్పాను.

"కిటికీ మూసెయ్యాలి. మాట్లాడించకూడదు. పక్కన కూర్చోవాలి."

"అంతేనా?"

"అంతే."

"అది సేస్తాన్లే," అన్నాడు.